వైరస్ పోతే వ్యాధి పోయినట్లేనా? – దీర్ఘకాలిక హెపటైటిస్ సి చికిత్సా ఫలితాన్ని తూచే ప్రమాణాలు: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: దీర్ఘకాలిక హెపటైటిస్ సి వ్యాధికి ఇచ్చే యాంటీవైరల్ చికిత్స ఫలించిందని నిర్ణయించడానికి వైద్యరంగం నేడు ప్రధానంగా ఒకే కొలతను ఆశ్రయిస్తున్నది. మందులు ఆపిన 12 వారాల తరువాత రక్తంలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ కనిపించకపోవడమే ఆ కొలత. దానికీ రోగి ఆయుష్షుకూ ఉన్న సంబంధం ప్రయోగాలలో రుజువు కాలేదని 2017లో వెలువడిన కాక్రేన్ సమీక్ష అభిప్రాయపడింది. ఆ సమీక్షనూ, దానికి వచ్చిన సమాధానాలనూ, అనంతరం ఫ్రాన్స్‌లో జరిగిన పరిశీలననూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ కొలత వైరస్ విషయంలో నమ్మదగినదనీ, కాలేయం ముందుగతిని చెప్పడానికి మాత్రం అదొక్కటే చాలదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హెపటైటిస్ సి, యాంటీవైరల్ చికిత్స, సుస్థిర వైరస్ ప్రతిస్పందన, ప్రతినిధి సూచిక, కాక్రేన్ సమీక్ష, సిరోసిస్.

1. ఉపోద్ఘాతం

జ్వరానికి మందిచ్చిన వైద్యుడు మర్నాడు "తగ్గిందా?" అని అడుగుతాడు. రోగి తన ఒంటి తీరు చూసుకుని జవాబు చెబుతాడు. దీర్ఘకాలిక హెపటైటిస్ సి విషయంలో ఈ ప్రశ్నకు అర్థం ఉండదు. వైరస్ శరీరంలో ప్రవేశించాక రెండు మూడు దశాబ్దాల పాటు చాలామందికి చెప్పుకోదగ్గ బాధ ఏదీ కలగదు. లోపల మాత్రం కాలేయ కణాలు నశిస్తూ, వాటి చోట నారలాంటి మచ్చకణజాలం పేరుకుంటూ ఉంటుంది. కొందరిలో అది సిరోసిస్‌గా ముదురుతుంది. వారిలో మళ్ళీ కొందరికి కాలేయ క్యాన్సర్ వస్తుంది. మరికొందరు ఏ ఉపద్రవమూ లేకుండానే జీవితం గడిపేస్తారు. బాధే తెలియనివారిని బాధ తగ్గిందా అని అడగలేం గనుక, రోగి నోటిమాట స్థానంలోకి ప్రయోగశాల నివేదిక వచ్చి చేరింది.

ఆ నివేదికలో "వైరస్ కనిపించలేదు" అని ఉంటే మనం "నయమైంది" అంటాం. తెలుగులో ఈ "నయం" అనే మాటకు మరో వాడుక కూడా ఉన్నది: "అంతకంటే ఇదే నయం" అంటాం. అక్కడ నయం అంటే పోలిక. దేనికంటే అన్నది తెలియకపోతే ఆ వాక్యం పూర్తి కాదు. హెపటైటిస్ సి చికిత్స గురించి ఇటీవలి కాలంలో జరిగిన వాదమంతా ఈ రెండు అర్థాల మధ్య నడిచిందని చెప్పవచ్చు. వైరస్ పోవడం నయమైనట్లా? లేక చికిత్స తీసుకోనివారితో పోల్చినప్పుడు తీసుకున్నవారు ఎక్కువ కాలం, తక్కువ ఉపద్రవాలతో జీవిస్తేనే నయమైనట్లా? వైద్యులు మొదటి అర్థంలో మాట్లాడారు. 2017 నాటి విమర్శకులు రెండవ అర్థంలో నిలదీశారు.

2. ఎంజైము నుంచి ఆర్‌ఎన్‌ఏ దాకా

ఈ వ్యాధికి చికిత్స మొదలయ్యేనాటికి వైరస్‌నే ఎవరూ గుర్తించలేదు. ఎ, బి రకాలు రెండూ కాని కాలేయ వాపు అని నిషేధార్థంలోనే దానికి పేరుండేది. 1986లో హూఫ్‌నగిల్ బృందం అమెరికాలో 10 మందికి ఇంటర్‌ఫెరాన్ ఇచ్చి చూసింది. వైరస్ ఏదో తెలియదు గనుక వారు చూడగలిగింది రక్తంలోని ఏఎల్‌టీ అనే ఎంజైము స్థాయిని మాత్రమే. కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు ఈ ఎంజైము రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. చాలామందిలో అది తగ్గింది. 1989లో వైరస్ గుర్తింపు జరిగింది. అదే ఏడాది వెలువడిన రెండు నియంత్రిత ప్రయోగాలు ఇంటర్‌ఫెరాన్‌తో ఏఎల్‌టీ దిగుతుందని నిర్ధారించాయి. అయితే మందు ఆపిన ఆరు నెలలలోపే, ఫలితం పొందినవారిలో ఇంచుమించు సగం మందికి ఎంజైము మళ్ళీ పెరిగిందని కూడా అవే చెప్పాయి.

ఈ రెండవ విషయం నుంచే నేటి ప్రమాణం పుట్టింది. చికిత్స సాగుతుండగా కనిపించే మెరుగుదలను లెక్కలోకి తీసుకోకూడదని, మందు ఆపి, కొంతకాలం ఆగి, అప్పుడు చూడాలని పరిశోధకులు గ్రహించారు. ఏఎల్‌టీ మామూలుగా ఉన్నవారిలో కూడా వైరస్ ఉండవచ్చునని తేలడంతో కొలత ఎంజైము నుంచి వైరస్ ఆర్‌ఎన్‌ఏకి మారింది. మందు ఆపిన 24 వారాలకు ఆర్‌ఎన్‌ఏ కనిపించకపోవడాన్ని సుస్థిర వైరస్ ప్రతిస్పందన అన్నారు (ఇకపై ఎస్‌వీఆర్). తరువాత 12 వారాలకు చేసిన పరీక్ష కూడా దాదాపు అదే తీర్పు ఇస్తున్నదని తేలి గడువు సగమైంది. బయాప్సీని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. సూది మొనకు వచ్చే తునక మొత్తం కాలేయంలో సుమారు యాభైవేల వంతు మాత్రమే. పదేపదే చేయదగిన పరీక్ష కూడా కాదు.

ఈ కొలత మీద చూస్తే చికిత్స చరిత్ర ఎగువకు సాగిన మెట్లవరుసలా కనిపిస్తుంది. 1998లో మక్‌హచిసన్ బృందం అమెరికాలో 912 మందిపై చేసిన ప్రయోగంలో 48 వారాల ఇంటర్‌ఫెరాన్ ఒక్కటే తీసుకున్నవారిలో 13 శాతానికి, రైబావిరిన్ కలిపి తీసుకున్నవారిలో 38 శాతానికి ఎస్‌వీఆర్ లభించింది. పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్ వచ్చాక, 2001, 2002 నాటి ప్రయోగాలలో అది 54, 56 శాతానికి చేరింది. 2013 చివర సోఫోస్‌బువిర్ ఆమోదం పొందాక వైరస్‌పై నేరుగా పనిచేసే మాత్రల యుగం మొదలైంది. 2015లో ప్రచురితమైన ఆస్ట్రల్-1 ప్రయోగంలో సోఫోస్‌బువిర్, వెల్పటాస్‌విర్ కలయిక 12 వారాలు వాడిన 624 మందిలో 99 శాతానికి ఎస్‌వీఆర్ వచ్చింది. ప్లసీబో తీసుకున్న 116 మందిలో ఒక్కరికీ రాలేదు.

ఎస్‌వీఆర్‌ను కేవలం అలవాటుగా వచ్చిన కొలత అని కొట్టివేయలేం. దానికి జీవశాస్త్రపరమైన పునాది ఉంది. హెపటైటిస్ బి వైరస్ కణకేంద్రకంలో డీఎన్‌ఏ రూపంలో తిష్ఠ వేస్తుంది. హెచ్‌ఐవీ మన జన్యుపదార్థంలోనే కలిసిపోతుంది. అందువల్ల ఆ రెండింటిలో రక్తంలో వైరస్ కనిపించకపోవడం అణచివేతకు మాత్రమే గుర్తు. హెపటైటిస్ సి వైరస్‌కు డీఎన్‌ఏ దశ లేదు, కేంద్రకంలో దాక్కునే చోటు లేదు. కనుక మందు ఆపాక 12 వారాలపాటు అది తలెత్తలేదంటే, అతి స్వల్ప సంఖ్యలో తప్ప, మళ్ళీ తనంత తాను తలెత్తదు. కొత్తగా సోకడం వేరే సంగతి. ఎస్‌వీఆర్ అందుకు రక్షణ ఇవ్వదు.

3. సూచిక తగ్గినా ఫలితం మారని సందర్భం

వైరస్ పోయిందనడానికి ఎస్‌వీఆర్ సాక్ష్యమనడంలో వివాదం లేదు. మరణం, సిరోసిస్, క్యాన్సర్ వంటి అసలు ఫలితాలకు బదులుగా దాన్ని వాడుకోవచ్చునా అన్నది వివాదం. ఇలా అసలు ఫలితానికి బదులు నిలబెట్టే కొలతను ప్రతినిధి సూచిక అనవచ్చు. తనను పంపినవారి మాటే ప్రతినిధి చెబుతాడన్న హామీ ఎప్పుడూ ఉండదని వైద్యచరిత్రలో చాలా ఉదాహరణలున్నాయి. హెపటైటిస్ సి లోనే ఒకటి ఉన్నది.

అమెరికాలో జరిగిన హాల్ట్-సి ప్రయోగం ఫలితాలు 2008లో వెలువడ్డాయి. మునుపటి చికిత్సకు లొంగని, కాలేయంలో మచ్చకణజాలం బాగా ముదిరిన 1,050 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి మూడున్నరేళ్లపాటు తక్కువ మోతాదులో పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్ ఇచ్చారు. మందు తీసుకున్నవారిలో ఏఎల్‌టీ తగ్గింది. రక్తంలో వైరస్ తగ్గింది. బయాప్సీలో వాపు కూడా తగ్గింది. మూడు సూచికలూ ఒకే దిశను చూపాయి. అయితే మరణం, క్యాన్సర్, కాలేయ వైఫల్యం, మచ్చకణజాలం పెరుగుదల కలిపి చూస్తే చికిత్స పొందినవారిలో 34.1 శాతం, పొందనివారిలో 33.8 శాతం. అంటే తేడా లేదు. ఆ తరువాతి అనుసరణలో చికిత్స పొందిన వర్గంలో మరణాలు కొంత ఎక్కువగా కనిపించాయి.

ఈ ఉదాహరణను రెండు పక్షాలవారూ తమ తమ వాదానికి వాడుకున్నారు. సూచిక మెరుగుపడితే రోగి మెరుగుపడ్డట్లు కాదనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలని ఒక పక్షం అన్నది. ఈ ప్రయోగంలో వైరస్ తగ్గింది గాని పోలేదని రెండవ పక్షం సమాధానం. ఈ వ్యాసకర్త దృష్టిలో రెండవ వాదం బలమైనది. తగ్గడం, పోవడం ఒకే గీతపై రెండు బిందువులు కావు. అయినా మొదటి వాదంలో ఉన్న హెచ్చరికను విస్మరించడం తగదు. ఒక మందు కొందరిలో వైరస్‌ను పోగొడుతూనే, పోనివారికి హాని చేయగలదు. అప్పుడు ఎస్‌వీఆర్ పొందిన వ్యక్తికి మేలు జరిగినా చికిత్స పొందిన సమూహానికి మొత్తంగా మేలు జరగకపోవచ్చు. వ్యక్తి స్థాయిలో సూచిక విలువ వేరు, చికిత్స స్థాయిలో దాని విలువ వేరు. ఈ భేదాన్ని పాఠ్యపుస్తకాలు తరచుగా దాటవేస్తాయి.

4. కాక్రేన్ సమీక్ష: ప్రశ్న సరైనదే, సామగ్రి?

కోపెన్‌హాగెన్ కేంద్రంగా పనిచేసే కాక్రేన్ వర్గానికి చెందిన యాకబ్‌సన్, గ్లూడ్, కోరెట్జ్ తదితరులు 2017లో ప్రకటించిన సమీక్షలో 138 యాదృచ్ఛిక ప్రయోగాలు, 25,232 మంది రోగులు ఉన్నారు. వైరస్‌పై నేరుగా పనిచేసే 51 మందులు పరిశీలనకు వచ్చాయి. వారి నిర్ణయాలను క్లుప్తంగా చెప్పుకోవచ్చు: ఈ మందులు ఎస్‌వీఆర్‌ను పెంచుతున్నట్లు కనిపిస్తున్నది, మరణాలపైనా, హెపటైటిస్ సి వల్ల కలిగే ఉపద్రవాలపైనా వీటి ప్రభావాన్ని నిర్ధారించడానికి తగిన ఆధారం లేదు, అన్ని ప్రయోగాలలోనూ పక్షపాత ప్రమాదం ఎక్కువ, ఎస్‌వీఆర్‌కు అసలు ఫలితాలతో ఉన్న సంబంధాన్ని యాదృచ్ఛిక ప్రయోగాల ద్వారా ధ్రువీకరించవలసి ఉన్నది.

బ్రిటిష్ పత్రికలు దీన్ని వైద్యప్రయోజనం లేకపోవచ్చునన్న ధోరణిలో అందుకున్నాయి. కాలేయ వైద్యుల సంఘాలు అమెరికాలోనూ ఐరోపాలోనూ తీవ్రంగా ప్రతిస్పందించాయి. అప్పటికి అనేక దేశాల ప్రభుత్వాలు ఈ మందులకు అయ్యే భారీ ఖర్చును భరించాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్నాయి. సోఫోస్‌బువిర్ 12 వారాల చికిత్సకు అమెరికాలో మొదట ప్రకటించిన ధర 84,000 డాలర్లు. ఇంత ఖర్చు దేనికోసమన్న ప్రశ్నకు ఎస్‌వీఆర్ ఒక్కటే జవాబైతే, ఆ జవాబును పరీక్షించడం బాధ్యతగల పనే. ఆ మేరకు సమీక్షకులు మెచ్చుకోదగినవారు.

అయితే వారు ఎంచుకున్న సామగ్రి ఆ ప్రశ్నకు జవాబివ్వగలిగినది కాదు. పైన చెప్పిన ఆస్ట్రల్-1నే తీసుకుందాం. అందులో ప్లసీబో వర్గం 12 వారాలు ప్లసీబో తీసుకుంది. తరువాత వారికీ అసలు మందు అందే ఏర్పాటు ఉంది. ఇరవై ముప్ఫై ఏళ్లలో ముదిరే వ్యాధి మరణాలను మూడు నెలల కిటికీలోంచి చూడబోవడం, నాటిన నెలకు మామిడిచెట్టు కాయలేదని నమోదు చేయడం వంటిది. మరణాల లెక్కకు సమీక్షకులకు దొరికినవి 11 ప్రయోగాలు, మూడువేలకు లోపు రోగులు. అక్కడ దొరికిన కొద్దిపాటి మరణాలతో ఏ నిర్ణయానికీ రాలేమని వారే ఒప్పుకున్నారు. స్వల్పకాలిక ప్రయోగాల నుంచి దీర్ఘకాలిక ఫలితాన్ని చెప్పలేమని కూడా వారే రాశారు. "రుజువు కాలేదు" అన్న వారి వాక్యం "ఫలితం లేదు" అన్న శీర్షికగా మారడంలో పత్రికల పాలు ఎక్కువే. కాని సమీక్ష స్వరం కూడా ఆ మార్పుకు దారి ఇచ్చిందన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇంకొక లోపం కూర్పులో ఉన్నది. మార్కెట్‌కు రాకుండా ఆగిపోయినవి, వచ్చి ఉపసంహరించబడినవి అయిన మందులపై జరిగిన 57 ప్రయోగాలు కూడా ఈ 138లో ఉన్నాయి. మొత్తం కలిపి ఎస్‌వీఆర్ రాకపోయే ప్రమాదం సగానికి పైగా తగ్గిందని సగటు చెప్పారు. 99 శాతం ఫలితం ఇచ్చిన కలయికనూ, అర్ధాంతరంగా వదిలేసిన మందునూ ఒకే సగటులో పోస్తే వచ్చే అంకె ఏ రోగికీ వర్తించదు. సగటు గణితపరంగా తప్పు కాకపోవచ్చు, వైద్యపరంగా నిరర్థకం.

సమీక్షకు ఎదురుగా నిలిచినవారి వాదంలోనూ బలహీనత లేకపోలేదు. ఎస్‌వీఆర్ పొందినవారు ఎక్కువకాలం జీవిస్తారనడానికి వారు ముఖ్యంగా ఎత్తిచూపేది 2012లో వాన్‌డెర్ మీర్ బృందం ప్రకటించిన అధ్యయనం. ఐరోపా, కెనడాలలోని ఐదు ఆసుపత్రులలో మచ్చకణజాలం ముదిరిన 530 మందిని అనుసరించగా, పదేళ్లలో ఎస్‌వీఆర్ పొందినవారిలో 8.9 శాతం, పొందనివారిలో 26 శాతం మరణించారు. తేడా చాలా పెద్దది. కాని ఇది ఇంటర్‌ఫెరాన్ యుగానికి చెందినది. ఇంటర్‌ఫెరాన్‌కు లొంగే అవకాశం వయసు తక్కువగా ఉన్నవారిలో, కాలేయం అంతగా చెడనివారిలో ఎక్కువ. అలాంటివారు మందు లేకపోయినా మరికొంత కాలం జీవించేవారే. కనుక ఆ తేడాలో ఎంత భాగం వైరస్ పోయినందువల్ల, ఎంత భాగం ముందే గట్టిగా ఉన్నందువల్ల అన్నది ఆ అంకెల నుంచి పూర్తిగా విడదీయలేం. గణాంక సవరణ చేశారు. సవరణకు అందని అంశాలు ఎప్పుడూ మిగిలే ఉంటాయి.

5. విజయం పెరిగేకొద్దీ పోలిక తరిగిపోవడం

కొత్త మాత్రలు ఈ చిక్కును ఒక విధంగా విడదీశాయి. ముసలివారిలో, సిరోసిస్ ఉన్నవారిలో కూడా అత్యధికులకు ఎస్‌వీఆర్ వస్తుండటంతో "గట్టివారికే వచ్చింది" అన్న ఆక్షేపణ బలం తగ్గింది. కాని అదే కారణంగా మరొక చిక్కు వచ్చింది. నూటికి తొంభై అయిదుగురికి వైరస్ పోతే, పోని అయిదుగురితో పోల్చి ఏం చెప్పగలం? ఆ అయిదుగురు వ్యాధి బాగా ముదిరినవారో, మందులు సరిగా వాడనివారో అయ్యే అవకాశం ఎక్కువ. ఇక చికిత్స అందరికీ అందుతున్నప్పుడు పదేళ్లపాటు మందివ్వకుండా ఒక వర్గాన్ని ఉంచి చూడటం ఏ నైతిక సంఘమూ అనుమతించదు. కాక్రేన్ సమీక్షకులు కోరిన ప్రయోగం ఇక ఎన్నటికీ జరగదనే చెప్పాలి.

మిగిలిన మార్గం జాగ్రత్తగా చేసిన పరిశీలన. ఫ్రాన్స్‌లో హెపాథర్ అనే సమూహాన్ని ఆధారం చేసుకుని కారా తదితరులు 2019లో లాన్సెట్‌లో ప్రకటించిన అధ్యయనం ఈ దృష్టితో చదవదగినది. 9,895 మందిలో 7,344 మంది కొత్త మందులు వాడారు, 2,551 మంది వాడలేదు. అనుసరణకాలం మధ్యస్థ విలువ 33.4 నెలలు. అంకెలను యథాతథంగా పోల్చినప్పుడు, మందులు వాడినవారిలో కాలేయ క్యాన్సర్ ప్రమాదం 2.77 రెట్లు, కాలేయం చేతులెత్తేసే ప్రమాదం 3.83 రెట్లు ఉన్నట్లు కనిపించింది. ఇక్కడే ఆగితే మందులే హాని చేశాయని శీర్షిక రాయవచ్చు. కాని జబ్బు ముదిరినవారికే ముందుగా మందులిచ్చారు. వయసు, సిరోసిస్, మద్యపానం, మధుమేహం మొదలైన అంశాలను సవరించి చూస్తే చిత్రం తిరగబడింది. మరణ ప్రమాద నిష్పత్తి 0.48కి, క్యాన్సర్‌ది 0.66కి దిగాయి. సిరోసిస్ ఉన్నవారిని వేరుచేసి చూసినా దిశ మారలేదు.

సవరణ ముందు 2.77, సవరణ తరువాత 0.66. ఒకే రోగులు, ఒకే మందులు, రెండు విరుద్ధమైన తీర్పులు. గణాంకాలు ఎలాగైనా మాట్లాడతాయని దీన్ని చూపి పెదవి విరిచేవారుండవచ్చు. ఎవరికి ఎందుకు ముందు మందిచ్చారో తెలియకుండా ఫలితాన్ని తూచరాదన్నదే దీనినుంచి తీసుకోవలసిన భావం. ఇందులో అంతగా చర్చకు రాని అంకె మరొకటి ఉన్నది. కాలేయ వైఫల్యం విషయంలో సవరణ తరువాత కూడా స్పష్టమైన తేడా కనిపించలేదు. మూడేళ్లకు లోపు అనుసరణ చాలకపోవడం ఒక కారణం కావచ్చు. ముదిరిన సిరోసిస్ వైరస్ పోయినంత మాత్రాన ఆగకపోవడం మరొక కారణం కావచ్చు. అలాంటి రోగులలో కొందరు కాలేయమార్పిడి జాబితా నుంచి తొలగించదగినంతగా కోలుకున్నారన్నది నిజం. అందరూ కోలుకోలేదన్నదీ అంతే నిజం. ఎస్‌వీఆర్ వచ్చిన తరువాత కూడా సిరోసిస్ రోగులకు ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ చేయాలని వైద్య మార్గదర్శకాలు చెప్పడానికి కారణం ఇదే. "మీకు నయమైపోయింది" అన్న మాట విని ఆ పరీక్షలు మానేసే రోగికి, ఆ మాట హాని చేసినట్లే.

6. హారంలో ఎవరున్నారు?

ఇంతవరకు చర్చించినది లవం గురించి, అంటే దేన్ని విజయంగా లెక్కించాలన్న దాని గురించి. ఎంతమందిలో అన్నది కూడా అంతే ముఖ్యం. మన దేశంలో ఈ ప్రశ్న ప్రత్యేకంగా ఎదురవుతుంది. గిలియడ్ సంస్థ 2014లో భారతీయ సంస్థలకు ఇచ్చిన లైసెన్సుల వల్ల, మరుసటి ఏడాది నుంచి సోఫోస్‌బువిర్ చవకగా తయారవడం వల్ల మందు ధర సమస్య చాలావరకు తీరింది. హైదరాబాద్‌కు చెందిన హెటెరో, నాట్కో సంస్థలు ఈ తయారీలో ముందున్నవే. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మందులను ఉచితం చేసింది. మందు చేతికందాక మిగిలేది, దాని ఫలితాన్ని చూడటానికి రోగి తిరిగి వస్తాడా అన్న సంగతి.

దీనికి పంజాబ్ అనుభవం మంచి ఉదాహరణ. హెపటైటిస్ సి కోసం ఆ రాష్ట్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన ప్రత్యేక నిధి కింద జిల్లా ఆసుపత్రులలోనే చికిత్స ఇచ్చారు. చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్య సంస్థ నిపుణులు అక్కడి వైద్యులకు శిక్షణ ఇచ్చారు. 2019లో ప్రచురించిన ఫలితాలు 48 వేల మందికి పైగా రోగులవి. వారిలో అధికులు గ్రామీణులు. చికిత్స ముగించి 12 వారాల పరీక్షకు వచ్చినవారిలో ఎస్‌వీఆర్ తొంభై శాతం దాటింది. నమోదైన అందరినీ హారంలో ఉంచితే అది సుమారు మూడింట రెండు వంతులకు దిగింది. రెండు అంకెలూ ఒకే వ్యాసంలో ఉన్నాయి. ప్రసంగాలలోనూ పత్రికలలోనూ వినిపించేది సాధారణంగా మొదటిదే. ఈ వ్యత్యాసానికి కారణం మందు వైఫల్యం కాదు. రోగి తిరిగి రాకపోవడం. ఆ రానివారిని విఫలుల కింద లెక్కించడం మందుకు అన్యాయం, వదిలేయడం కార్యక్రమానికి అనుచితమైన మెప్పు. మందును తూచేటప్పుడు ఒక హారం, కార్యక్రమాన్ని తూచేటప్పుడు మరొక హారం వాడి, రెండింటినీ పక్కపక్కనే ప్రకటించడం ఒక్కటే సమంజసంగా తోస్తున్నది.

12 వారాల పరీక్షకు రాని రోగికి మరొక చిక్కు కూడా ఉన్నది. వైరస్ పోయినా దాని ప్రతిరక్షకాలు రక్తంలో ఏళ్లతరబడి మిగిలే ఉంటాయి. శస్త్రచికిత్సకు ముందో, డయాలిసిస్ కేంద్రంలో చేరేటప్పుడో, విదేశీ ఉద్యోగానికి వైద్యపరీక్ష జరిగేటప్పుడో చేసే చవక పరీక్ష ఆ ప్రతిరక్షకాలనే చూపిస్తుంది. ఆర్‌ఎన్‌ఏ నివేదిక చేతిలో లేనివాడు ఆ గదిలో ఇంకా రోగిగానే మిగిలిపోతాడు. వైరస్ ఎప్పుడో పోయి ఉండవచ్చు. అది పోయిందని చెప్పే కాగితం మాత్రం అతనివద్ద లేదు.